డాబా తాళం

2025 ఏప్రిల్ నెల కరెంటు బిల్లు రాగానే మావారు ఒకసారి చదివారు. కళ్ళజోడు తీసి, లుంగీ అంచుతో తుడిచి పెట్టుకుని మళ్ళీ చదివారు. ఆ తర్వాత "ఏమోయ్, ఒకసారి ఇలా రా!" అని కేకేశారు. గొంతులో నవ్వుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో కరెంటు బిల్లు చేతిలో ఉండగా ఆయన నవ్వడం నేనెరుగను. అందుకని కాస్త భయపడుతూనే వెళ్ళాను.

వేసవి వచ్చిందంటే నాలుగంకెలకి తగ్గని మా బిల్లు ఆ నెల రెండంకెల్లో ఉంది. అదైనా మీటరు తాలూకు చిల్లర చార్జీలే తప్ప, వాడుకున్న కరెంటుకి కట్టవలసింది ఏమీ లేదు. మావారు ఆ కాగితాన్ని శుభలేఖలా పట్టుకుని వీధిలో నలుగురికీ చూపించి వచ్చారు.

ఇదంతా మా డాబా మీద పెట్టించిన సోలార్ పలకల మహిమ. ఆ పలకల సంగతీ, వాటిని పెట్టించాక నేను చేసిన ఒక తప్పు సంగతీ మీతో చెప్పుకుందామని కూర్చున్నాను. తప్పు అని నేనంటున్నాను. మావారు కాదంటారు. మొత్తం విన్నాక మీకేమనిపిస్తుందో చూడండి.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 'పీఎం సూర్యఘర్' అనే పథకం తెచ్చింది. కోటి ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలు పెట్టించాలని సంకల్పం. అందుకోసం 75 వేల కోట్ల రూపాయల పైచిలుకు కేటాయించారు. ఒక కిలోవాటు పెట్టించుకుంటే 30 వేలు, రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడైనా ఆపైన ఎంతైనా 78 వేలు సబ్సిడీ. నెలకి 300 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తని పేపర్లో చదివి, మావారు ఆ ముక్క కత్తిరించి క్యాలెండరు పక్కన అంటించారు.

నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని. ఈ కిలోవాటేమిటో, యూనిట్టేమిటో బోధపడడానికి నాకు వారం పట్టింది. నాలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉంటారేమోనని చెబుతున్నాను. కిలోవాటంటే కుళాయి ఎంత లావుదో చెప్పే లెక్క. యూనిట్టంటే ఆ కుళాయి కింద గంటసేపు పట్టిన బిందెడు నీళ్ళు. ఒక కిలోవాటు పలకలు మంచి ఎండ కాసిన రోజున సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. వాటికి నీడ పడని చోటు వంద చదరపు అడుగులు కావాలి. మేం పెట్టించింది మూడు కిలోవాట్లు. అంటే రోజుకి పన్నెండు బిందెలూ, డాబాలో మూడు వందల చదరపు అడుగులూ అన్నమాట.

ఎండ పగలు కదా, రాత్రి దీపాలకెలాగ అని నాకు పెద్ద సందేహం. దానికీ ఉపాయముంది. పగలు మిగిలిన కరెంటు మన ఇంట్లోంచి వీధి లైనులోకి పోతుంది. రాత్రి మనకి కావలసింది ఆ లైనులోంచే వస్తుంది. రెండూ రాసిపెట్టే మీటరు ఒకటి బిగిస్తారు. పక్కింటికి గ్లాసుడు కాఫీపొడి చేబదులిచ్చి, మనకి నిండుకున్నప్పుడు తిరిగి తెచ్చుకునే పద్ధతేనన్నమాట. తెలిశాక నాకు ఆ మీటరు మీద గౌరవం కలిగింది. మా అమ్మ కాఫీపొడి లెక్కలు ఏనాడూ తేలలేదు మరి.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది.

పలకలు బిగించిన కుర్రాళ్ళు వెళ్ళేముందు ఒక మాట చెప్పి వెళ్ళారు. "పైకి ఎవర్నీ రానివ్వకండి సార్. పిల్లలు బంతి విసిరారంటే అద్దం పగులుతుంది. పాతికేళ్ళు ఉండాల్సిన సరుకు" అన్నారు. మావారు సాయంత్రానికల్లా బజారుకెళ్ళి అరచెయ్యంత ఇత్తడి తాళం తెచ్చి డాబా తలుపుకి వేశారు. తాళంచెవి మా బీరువాలో నా నగల పెట్టె పక్కన చేరింది. నేను మంచి పనే చేశారనుకున్నాను. నా ఆలోచనంతా మా పలకల గురించే.

మాది బెజవాడలో ఒక పాత డాబా ఇల్లు. కింద మేముంటాం. పై వాటా అద్దెకిచ్చాం. పైన ఆయన బట్టల కొట్టులో గుమాస్తా. ఆవిడ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇద్దరు పిల్లలు, ఒక ముసలి అత్తగారు. ఆవిడని నేను మామ్మగారూ అంటాను, నన్ను ఆవిడ అమ్మాయ్ అంటుంది. నలభై దాటిన నన్ను అమ్మాయ్ అనేవాళ్ళు లోకంలో ఇద్దరో ముగ్గురో మిగిలారు కాబట్టి నాకు ఆవిడంటే అభిమానం.

ఎండలు ముదిరాయి. బెజవాడ ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. ఆ ఏడు మా ఇంట్లో మాత్రం ఎండంటే ముచ్చటగా ఉంది. బయట ఎంత కాస్తే మా మీటరు అంత తిరుగుతోంది. మధ్యాహ్నం మిట్ట ఎండలో మావారు ఫోనులో ఎన్ని యూనిట్లు వచ్చాయో చూసుకుంటూ, "కాయనీ, బాగా కాయనీ" అంటుంటే, రైతు వాన కోసం ఎదురుచూడడం ఎరుగుదును గానీ ఎండ కోసం ఉవ్విళ్ళూరే మనిషిని అప్పుడే చూశాను.

బిల్లు లేదని తెలిశాక మా అలవాట్లు మారాయి. ఇదివరకు ఏసీ రాత్రి పదింటికి వేసి, రెండింటికి లేచి ఆపేసేదాన్ని. 2020 జనవరి నుంచి స్టారు గుర్తున్న కొత్త ఏసీలన్నీ వెయ్యగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేటట్టు ప్రభుత్వం నిబంధన పెట్టింది. జనం ఆ అంకె మార్చకుండా వదిలేస్తే ఎంతో కరెంటు మిగులుతుందని వాళ్ళ ఆశ. మేం బిల్లు కట్టిన రోజుల్లో 24కీ, 26కీ కూడా సర్దుకున్నాం. బిల్లు పోయాక 22కి దించి మధ్యాహ్నం నుంచే వేసుకుని, పైన దుప్పటి కప్పుకుని పడుకున్నాం. పొదుపు కోసం పెట్టిన పలకలు మమ్మల్ని దుబారా మనుషుల్ని చేశాయి. డబ్బు భయంతో చేసిన పొదుపు, ఆ భయం తీరగానే మాయమైంది. దాన్ని నేను ఇన్నాళ్ళూ నా సుగుణమని మురిసిపోయాను సుమా!

మే నెల రెండో వారంలో కొత్తావకాయ కలిపాను. ఏటా మొదటి గిన్నె మామ్మగారికి ఇవ్వడం అలవాటు. రాత్రి పదిన్నర అవుతుండగా, వాళ్ళింట్లో ఇంకా దీపం వెలుగుతోందని చూసి గిన్నె పట్టుకుని మెట్లెక్కాను. పై వాటా తలుపు బార్లా తీసి ఉంది. పిల్లలిద్దరూ గుమ్మంలో తడిపిన తువ్వాలు పరుచుకుని దాని మీద పడుకున్నారు. కోడలు మిషను దగ్గరే చెంగుతో మెడ తుడుచుకుంటోంది. మామ్మగారు కనపడలేదు.

"అత్తయ్య పైమెట్ల మీద ఉన్నారండీ" అంది కోడలు.

ఇంకా పైకి వెళ్ళాను. డాబా తలుపు ముందు చివరి మెట్టు మీద మామ్మగారు గోడకి ఆనుకుని కూర్చుంది. చేతిలో తాటాకు విసనకర్ర. తల పైన మా ఇత్తడి తాళం.

"ఇక్కడ కూర్చున్నారేం మామ్మగారూ?" అన్నాను.

"తలుపు కింద సందులోంచి కాస్త గాలి వస్తుందమ్మాయ్. లోపల నిద్ర పట్టడం లేదు" అంది. నేను మాట్లాడకపోయేసరికి ఆవిడే మళ్ళీ, "పిల్లలు డాబా తాళం తీయించమని గొడవ. నేనే వద్దన్నాను. మీ కరెంటు మిషనుకి ఏమన్నా అయితే ఎవరిస్తారు చెప్పు? లక్షల ఖరీదట కదా" అంది.

ఆ మాటలో నిష్ఠూరం ఉంటే బాగుండేది. లేదు. ఆవిడ నిజంగానే మా పలకలకి కాపలా కాస్తోంది. నేను గిన్నె ఆవిడ చేతిలో పెట్టి కిందికి వచ్చి, 22 డిగ్రీల గదిలో మంచం మీద కూర్చున్నాను. నిద్ర రాలేదు.

మా డాబా మీద ఎన్నేళ్ళ నుంచో ఏం జరిగేదో అప్పుడు వరసగా గుర్తొచ్చింది. ఏటా వేసవి రాగానే పై వాటా వాళ్ళు రాత్రిళ్ళు చాపలు వేసుకుని అక్కడే పడుకునేవాళ్ళు. మామ్మగారు గుమ్మడి వడియాలు పెట్టేది అక్కడే. మా పనమ్మాయికి వాళ్ళ రేకుల ఇంటి ముందు చోటు లేక, మిరపకాయలు తెచ్చి ఎండబోసుకునేది అక్కడే. పక్కింటి పిల్ల పరీక్షలకి చదువుకునేది అక్కడే. అప్పుడు మాకు సబ్సిడీ రాలేదు. ఎండ మాత్రం అప్పుడూ ఊరికే వచ్చింది, అందరికీ వచ్చింది. మేం ఎండకి మీటరు బిగించిన రోజే మిగతావాళ్ళని కిందికి దించేశాం.

ఇంకొక సంగతి కూడా ఆ రాత్రే తట్టింది. మా ఏసీ బయటి డబ్బా ఎక్కడుందో మీకు చెప్పలేదు. మా పడకగది కిటికీ మీది సన్‌షేడ్ మీద, సరిగ్గా పై వాటా వాళ్ళ కిటికీ కింద. ఏసీ బిగించిన మెకానిక్ ఒకసారి మాటల్లో, "ఇది చల్లదనం తయారు చెయ్యదమ్మా. గదిలో వేడిని బయటికి తోడిపోస్తుంది, అంతే" అన్నాడు. పడవలో చేరిన నీళ్ళు తోడినట్టన్నమాట. తోడిన నీళ్ళు ఏట్లో పడతాయి, బాధ లేదు. మేం తోడిన వేడి వేడిగాలిగా పైకి లేచి, కిటికీలోంచి ఆ పిల్లల గదిలోకి పోతోంది. వాళ్ళు ఆ కిటికీ మూసేసుకున్నారని నాకు మర్నాడు తెలిసింది. మాతో ఒక్కమాట అనలేదు. అద్దెకున్నవాళ్ళు అనరు. ఖాళీ చెయ్యమంటారేమోనని భయం. నేనూ పెళ్ళయిన కొత్తలో అద్దె కొంపల్లో ఉన్నదాన్నే. ఆ భయం నాకు తెలియనిది కాదు, మర్చిపోయానంతే.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ మావారితో ఈ సంగతి ఎత్తాను. ఆయన న్యాయంగానే మాట్లాడారు. "డాబా మనది. తాళం మనది. పలకల నీడ పడి పగటిపూట వాళ్ళ గది కాస్త చల్లబడింది కూడా. ఆ మేలు మనం ఊరికే చేశాం కదా?" అన్నారు.

నిజమే. పలకలు ఎండని అడ్డుకుంటే కింద శ్లాబు కొంత తక్కువ కాగుతుంది. కానీ పలకలు కప్పింది సగం డాబానే. మిగతా సగం పగలంతా కాగి, పొద్దు గూకాక ఆ వేడిని మెల్లిగా గదిలోకి వదులుతుంది. కాంక్రీటు గుణమే అంత. అందుకే డాబా ఇళ్ళలో పై వాటా వాళ్ళకి పగటికంటే రాత్రే కష్టం. కాబట్టే మన పెద్దలు రాత్రిళ్ళు డాబా ఎక్కారు. సగం చల్లబరిచి, తప్పించుకునే దారి మొత్తం మూసేస్తే దాన్ని మేలనవచ్చా?

"అయితే ఇదివరకే బాగుండేదంటావా? ఈ పథకాలన్నీ దండగంటావా?" అని ఆయన ఎదురు ప్రశ్న వేశారు.

అలా అననుగాక అనను. పాతదంతా బంగారమని రాసే అలవాటు మా రచయితలకుంది గానీ, నాకు మా అమ్మమ్మగారిల్లు బాగా గుర్తు. దివిసీమలో మండువా లోగిలి. మధ్య ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, మందపాటి మట్టిగోడలు, పైన పెంకులు. నడివేసవిలో కూడా ముందు సావిట్లో అడుగు పెడితే ప్రాణం లేచొచ్చేది. తాతయ్య అక్కడ మడతమంచం మీద గుర్రు పెట్టి నిద్రపోయేవారు. అమ్మమ్మ ఎక్కడుండేది? వెనక వంటింట్లో. ఒకే ఒక్క చిన్న గవాక్షం, కట్టెల పొయ్యి, పొగ. ఆ ఇల్లు అంత చల్లన అని చెప్పుకునేవాళ్ళెవరూ ఆ వంటింట్లో గంట కూర్చున్నవాళ్ళు కారు. వీధి అరుగు మీద దారినపోయేవాళ్ళు సేద తీరేవారని చెప్పుకుంటాం. అందరూ తీరేవారా? పొలం పని చేసి వచ్చినవాళ్ళలో కొందరు అరుగెక్కకుండా కింద నేలమీదే కూర్చోవడం నా చిన్నప్పుడు చూశాను. ఆనాటి ఇంట్లోనూ వేడి ఒకళ్ళ వంతు, చల్లదనం ఇంకొకళ్ళ వంతు.

సరే, కొత్తవి చూద్దాం. హైదరాబాదులో మా చెల్లెలి కూతురు ఆర్కిటెక్చరు చదువుతోంది. ఒకసారి నన్ను హైటెక్ సిటీ దగ్గరున్న సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు చూడమని తీసుకెళ్ళింది. 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు ప్రారంభించిన భవనమది. అంతకు ముందటి ఏడే అమెరికావాళ్ళు హరిత భవనాలకిచ్చే 'లీడ్' గుర్తింపులో అన్నిటికంటే పైదైన ప్లాటినం దానికి వచ్చింది. అమెరికా బయట ఆ గుర్తింపు పొందిన మొట్టమొదటి భవనం మన హైదరాబాదులోనే ఉందని విని నాకు చెప్పలేనంత సంతోషమైంది. లోపలికెళితే ఏముంది? గుండ్రంగా కట్టి మధ్యలో ఖాళీ స్థలం వదిలారు. చిల్లుల జాలీగోడల్లోంచి గాలీ వెలుతురూ వస్తున్నాయి. కప్పు మీద సగానికి పైగా పచ్చిక. "పెద్దమ్మా, ఇది మన మండువాయే కదా!" అంది మా పిల్ల. మండువాయే. అమ్మమ్మని వంటింట్లో కూర్చోబెట్టని మండువా. పాతదానిలో మంచి ఏదో ఏరుకుని, కొత్త తెలివితో కట్టవచ్చునని అక్కడ నాకు నమ్మకం కలిగింది.

ఆ సాయంత్రమే మా పిల్ల స్నేహితురాలి ఫ్లాటుకి వెళ్ళాం. అదీ హరిత భవనమేనట, గేటు పక్కన పలక మీద రాసి పెట్టారు. వాడిన నీళ్ళు శుద్ధిచేసి మొక్కలకి పెడతారు. మెట్ల మీద మనిషి నడిస్తేనే దీపం వెలుగుతుంది. మెచ్చుకుంటూ బయటికి వచ్చేసరికి గేటు పక్కన వాచ్‌మన్ గది కనిపించింది. పైన రేకు. లోపల అతని భార్య చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని అట్టముక్కతో విసురుతోంది. ఆ గదికి మార్కులెవరు వేస్తారని అడగబోయి, పిల్లల ముందు బాగుండదని ఊరుకున్నాను.

ప్రభుత్వాలు ఏం చెయ్యడం లేదని నేననను. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. 2007లో పెద్ద పెద్ద వాణిజ్య భవనాలు ఎలా కట్టాలో నిబంధనలు వచ్చాయి. 2018లో 'ఎకో నివాస్ సంహిత' అని ఇళ్ళకి కూడా ఒక గ్రంథం వచ్చింది. గోడ ఎంత వేడిని లోపలికి రానివ్వవచ్చు, గదికి తెరుచుకునే కిటికీలు ఎంత ఉండాలి అని అందులో లెక్కలున్నాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పుల్ని ఎండని తిప్పికొట్టే తెల్లని కప్పులుగా మార్చాలని సంకల్పం. ఇవన్నీ కావలసినవే. పేరుకి పెద్ద పెద్ద మాటలైనా, లోపలున్న సంగతి మన ఇల్లాళ్ళందరికీ తెలిసిందే. గాలి రావాలి, ఎండ ఆగాలి, వృథా పోకూడదు.

కానీ సర్కారు ఇంటిని కప్పు వరకే చూడగలదు. సూర్యఘర్ సబ్సిడీ కావాలంటే సొంత కప్పుండాలి. పై వాటా ఆయనకి కప్పు లేదు. మా పనమ్మాయికి రేకుంది గానీ అది పలకల్ని మొయ్యదు. కాబట్టి 78 వేలు వచ్చింది మాకు. కాగితంలో దోషం లేదు. నియమం అలా ఉంది, మేం ఏమీ దాచలేదు. మరి నా మనసెందుకు ఒప్పుకోవడం లేదు?

అదే ఆలోచిస్తూ పప్పులోకి టమాటాలు తరుగుతుంటే నాకొక లెక్క తోచింది. లెక్కల్లో ఎప్పుడూ బొటాబొటీ మార్కులొచ్చిన నాకు తోచిన లెక్క కాబట్టి మీరూ సరిచూడండి. ఆ 78 వేలు ఢిల్లీలో చెట్టుకి కాయలేదు. జనం కట్టిన పన్నుల్లోంచి వచ్చింది. పన్నులంటే మావారు కట్టే ఆదాయప్పన్ను ఒక్కటే కాదు కదా. మామ్మగారు కొనుక్కునే సబ్బుబిళ్ళ మీద పన్నుంది. కోడలు కొనే కుట్టుదారం మీద పన్నుంది. పనమ్మాయి కూతురు పుట్టినరోజుకి కొన్న బిస్కట్ల పొట్లం మీద పన్నుంది. అందరి పైసలూ కలిసి మా డాబా మీద పలకలయ్యాయి. మేం వాళ్ళ డబ్బుతో పలకలు పెట్టించుకుని, వాళ్ళ మీదే తాళం వేశామన్నమాట!

ఈ మాట మావారితో అంటే, "అలా అయితే రోడ్డు మీద కూడా అందరికీ వాటా ఉంది. పోయి రోడ్డు మీద పడుకోమను" అన్నారు. అని, ఆయనకే అది బాగా లేదనిపించి పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఇరవై రెండేళ్ళ అనుభవం మీద చెబుతున్నాను, మావారు పేపరు తలకిందులుగా పట్టుకుంటే సగం ఒప్పుకున్నట్టే.

ఆ ఆదివారం పలకలు బిగించిన కుర్రాణ్ణి పిలిపించాం. పలకల్ని ఎనిమిది అడుగుల ఎత్తు ఇనప స్తంభాల మీదికి ఎత్తితే కింద పందిరిలా ఉంటుంది, మనుషులు తిరగవచ్చు అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, "ఖర్చు ఎక్కువండీ, ఎవరూ అడగరు" అన్నాడు. ఆ అదనపు ఇనుముకి సబ్సిడీ పెరగదు. పైగా మన కోస్తా గాలివానలకి తట్టుకునేలా గట్టిగా బిగించాలి. ఆయన చెప్పిన అంకె విని మావారు మంచినీళ్ళు తాగారు. ఆ పని ఇప్పట్లో మావల్ల కాదని తేలింది. నేనూ బలవంతం చెయ్యలేదు. చేతనైనవి చేశాం.

తాళం తీశాం. పలకల చుట్టూ నడుమెత్తున నాలుగు గొట్టాలు పాతించి తాడు కట్టించాం. మామ్మగారు మనవల్ని పిలిచి, "ఈ తాడు దాటారంటే కాళ్ళు విరుస్తాను" అని మాకంటే గట్టిగా చెప్పింది. డాబా మీద మిగిలిన సగానికి సున్నం వేయించాం. పై వాటా ఆయనా మావారూ కలిసే పాత చీపుళ్ళతో పూశారు. కూల్ రూఫంటే ఏమిటో అనుకున్నాం గానీ మా తాతల నాటి సున్నం బిందె అదేనని తెలిసి ఇద్దరూ నవ్వుకున్నారు. ఏసీ బయటి డబ్బాని కిటికీ కిందనుంచి తీయించి, ఎవరి కిటికీ లేని వెనక గోడకి మార్పించాం. దానికి రెండు వేల పైన అయింది. ఏసీ 26 మీద పెట్టి ఫ్యాను వేసుకుంటున్నాం. మొదటి రెండు రోజులూ గొణిగిన మావారికి మూడో రోజు నుంచి అలవాటైపోయింది.

మొదటి రాత్రి వాళ్ళు చాపలు వేసుకున్నాక నేనూ పైకెళ్ళి కాసేపు కూర్చున్నాను. కృష్ణ మీంచి గాలి వస్తోంది. పలకలు వెన్నెల్లో నల్లగా మెరుస్తున్నాయి. మామ్మగారు వాటిని చూస్తూ, "పగలంతా పని చేసి పడుకున్నాయే పాపం" అంది. పదకొండింటికి కిందికి రాబుద్ధి కాలేదు.

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతం. కానీ నేను రాస్తున్నది నవల కాదు కదా. పది రోజుల తర్వాత మావారు మెల్లిగా, "సున్నం వేశాక పై వాటా బాగా చల్లబడిందట. అద్దె ఒక అయిదు వందలు పెంచితే తప్పంటావా? మనకీ ఖర్చయింది కదా" అన్నారు.

తప్పని వెంటనే అనలేకపోయాను. ఖర్చయిన మాట నిజం, బ్యాంకు వాయిదా ఉన్న మాట నిజం. ఊళ్ళో ఏ ఇంటాయన అయినా పెంచేవాడే. ఇల్లు చల్లబడితే అద్దె పెరుగుతుంది. అద్దె పెరిగితే వాళ్ళు ఇంకో వేడి కొంప వెతుక్కుంటారు. మేం తోడిపోసిన వేడి ఈసారి కిటికీలోంచి కాకుండా అద్దె రసీదులోంచి వాళ్ళ మీద పడుతుంది. అది మాత్రం ఆయనకి చెప్పాను.

ఆయన ఏమీ అనలేదు. పేపరు తీశారు. సరిగ్గానే పట్టుకున్నారు, అదే నా దిగులు.

ప్రస్తుతానికి అద్దె పెంచలేదు. డాబా తాళంచెవి మాత్రం బీరువాలో లేదు, మెట్ల దగ్గర మేకుకి వేలాడుతోంది. నిన్న మామ్మగారు వడియాలు ఎండాక సగం డబ్బా మాకు పంపించింది. వేయించి మావారికి అన్నంలో వడ్డించాను. ఎక్కడివి అని అడిగారు. చెప్పాను. ఇంకో రెండు వడ్డించమన్నారు.